పువ్వు నొక్కిన సబ్బు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు ఆయేషా పటమట నుంచి స్కూటీ మీద భవానీపురం వచ్చింది. బిర్యానీ వండానని ఫోన్ చేస్తే గానీ రాని పిల్ల, పిలవకుండానే వచ్చిందంటే ఏదో పని ఉందనుకున్నాను. సంచీలోంచి ఒక్కొక్కటే తీసి మంచం మీద పరిచింది. రబ్బరులా వంగే సిలికాన్ అచ్చులు. గులాబీ, సీతాకోకచిలుక, తేనెపట్టు గళ్ళు, ఒకటైతే ఏకంగా పిల్లి మొహం. ఇంట్లో సబ్బులు చేసి ఫోన్లో అమ్ముతుందట. "ఫుప్పూ, చిన్నప్పుడు మీ ఇంట్లో సబ్బులు పోసేవాళ్ళంట గదా, నాన్న చెప్పాడు. వీటిల్లో ఏవి ఉంచుకోమంటావ్? మిగతావి రిటర్న్ పెట్టేస్తా" అంది. మా ఇళ్ళల్లో మేనత్తను ఫుప్పూ అంటారు. పిల్లి మొహంతో ఒళ్ళు రుద్దుకోవడమేమిటో నాకర్థం కాలేదు. అదే మాట అంటే, "నీకు తెలీదులే, పిల్లులంటే జనం పడి చస్తారు" అని కొట్టిపారేసింది.

స్కూటీ తోలేటప్పుడు చున్నీ ఎక్కడో పట్టుకుని చిరిగిందని సూదీదారం అడిగింది. కుట్టుమిషను మీద ఉన్నాయి తీసుకోమన్నాను. నేను సూదులూ గుండీలూ వేసుకునేది ఒక పాత రేకు ట్రేలో. పొడుగ్గా ఉంటుంది, మధ్యలో తీసి పెట్టుకునే అడ్డు రేకులుంటాయి. ఆయేషా ఆ గుండీలన్నీ మంచం మీద గుమ్మరించి, ట్రే వెలుగులోకి పట్టుకుని, "ఫుప్పూ, గడి గడికీ అడుగున పువ్వుంది! ఎంత బాగుందో చూడు. సబ్బులేమో మామూలు డబ్బాలో పోసేసి, పైన దీంతో పువ్వు నొక్కేస్తే సరి. దేంట్లో పోశామో ఎవరికి తెలుస్తుంది?" అంది. నాకు మొహం వేడెక్కింది. యాభై దగ్గరపడుతున్న మనిషిని, నేను చెయ్యిపట్టుకుని నడిపించిన పిల్ల ముందు తలెత్తలేకపోయాను. సరిగ్గా ఆ మాటే, అదే ట్రే చేతిలో పట్టుకుని, మా అమ్మీ నాతో అంది. ఆ ట్రే మా అబ్బా చేసింది.

అబ్బా అంటే మా నాన్న. పేరు సుభానీ. వన్‌టౌన్‌లో ఒక సందు మొదట్లో ఆయన రేకు కొట్టు ఉండేది. గరాటులు, కిరోసిన్ డబ్బాలు, బియ్యం డబ్బాలు, బకెట్లు, హోటళ్ళ పొయ్యిలకు పొగ గొట్టాలు, ఏది కావాలంటే అది రేకు కత్తిరించి, వంచి, టంకం పెట్టి ఇచ్చేవాడు. అంతకుముందు, మీసాలు రాని వయసులో, వాళ్ళ నాన్నతో కలిసి చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్ళు తిరుగుతూ ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడట. కళాయంటే ఇప్పటివాళ్ళకు చెప్పాలి. ఉత్త ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే చిలుమెక్కుతుంది, తిన్నవాళ్ళకు వాంతులు పట్టుకుంటాయి. అందుకని గిన్నెను నిప్పుల మీద బాగా కాల్చి, నవసాగరం చల్లి, లోపలంతా తగరం కరిగించి గుడ్డతో పూస్తారు. ఆ పొగ ఒకసారి పీలిస్తే గొంతులో రోజంతా ఉంటుంది. స్టీలు గిన్నెలు రాగానే కళాయి పని పోయింది, రేకు పని పట్టుకున్నాడు. ప్లాస్టిక్ బకెట్లు రాగానే రేకు పనీ పోవడం మొదలుపెట్టింది. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అది పోతూనే ఉంది.

ఆయనకో అలవాటుండేది. ఏ వస్తువు కనబడినా వేలి కణుపుతో టక్కున కొట్టి చెవి పెట్టేవాడు. చుట్టాలింటికి పోతే వాళ్ళ బీరువా తలుపు కొట్టి "పల్చటి రేకు" అనేవాడు. అమ్మీ కొంగు లాగేది, ఊరుకొమ్మని. మేం అల్లరి చేస్తే మా నెత్తి మీదా అలాగే కొట్టి "ఖాళీగానే ఉంది" అని నవ్వేవాడు. ఏదైనా కొత్తది చేస్తే ముందు ఇంటికి తెచ్చి మా మధ్యలో పెట్టి, చేతులు కట్టుకుని నిలబడి, "ఎట్టా ఉంది?" అని అడిగేవాడు. బాగుందంటే చాలు, ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. మేం ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు కలిపి మాట్లాడుకునేవాళ్ళం. ఆ కలగాపులగం రాయడం నా వల్ల కాదు గనక తెలుగే రాస్తున్నాను.

మా ఇంట్లోకి ప్లాస్టిక్ సామాను రానిచ్చేవాడు కాదు. మునిసిపల్ కుళాయి దగ్గర నా ఈడు ఆడపిల్లలంతా ఎర్రవీ పచ్చవీ ప్లాస్టిక్ బిందెలు నడుమున పెట్టుకుని వయ్యారంగా పోతుంటే, నేను చేతులు కోసుకుపోయే రేకు బకెట్టు మోసుకుంటూ, దాని చప్పుడుకు అందరూ తిరిగి చూస్తుంటే, భూమిలోకి దిగిపోవాలనిపించేది. "అబ్బా, ఒక్క బిందె కొనుక్కుందాం" అని అడిగితే, "రేకు పనోడింట్లో ప్లాస్టిక్ బిందె చూస్తే నా కొట్టుకెవడొస్తాడే?" అనేవాడు. రేకు పనివాడి ఇంట్లో రేకు చూసి కొట్టుకు వచ్చినవాడినీ నేనెరగను. అది పైకి అనకపోయినా, అనుకున్నందుకు నాకే సిగ్గేసేది.

ఇంటర్మీడియట్ లెక్కల్లో తప్పి నేను ఇంట్లో కూర్చున్న ఏడాది, మా వీధి ఆడవాళ్ళ పొదుపు సంఘానికి సబ్బుల తయారీ నేర్పించారు. సంఘం లీడరు రాజ్యలక్ష్మిగారు మా అమ్మీని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అమ్మీ పేరు మీరాబీ. అప్పటిదాకా గుమ్మం దాటి ఏ మీటింగుకూ పోని మనిషి, ఆ రోజు ఇంటికి వచ్చి, పరీక్ష పాసయిన పిల్లలా ఊపిరి తిరక్కుండా చెప్పింది. కొబ్బరినూనె కొంచెం వెచ్చబెట్టుకోవాలి. కాస్టిక్ సోడా నీళ్ళలో కలిపి, ఆ సెగ తగ్గాక నూనెలో పోసి, కర్రతో తిప్పుతూ పోవాలి. జావలా చిక్కబడ్డాక నిమ్మగడ్డి నూనె కలిపి అచ్చులో పోయాలి. మర్నాటికి గట్టిపడుతుంది, కోసి, నెలా నెలన్నర ఆరబెట్టాలి. "అచ్చు ఏదయితే బాగుంటుందంటే, చెక్కపెట్టె గానీ ప్లాస్టిక్ డబ్బా గానీ వాడమన్నారు" అంది. అన్నం తింటున్న అబ్బా చెయ్యి ఆగిపోయింది. "ప్లాస్టిక్ డబ్బానా? ఇంట్లో నన్ను పెట్టుకుని?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, చిన్నబుచ్చుకున్నట్టు అన్నాడు. అమ్మీ గబుక్కున "మీరు చేసిస్తారనే గదా నేనేదీ కొనలేదు" అంది.

చేశాడు. అంత ఇష్టంగా ఆయన పనిచేయడం నేనెప్పుడూ చూడలేదు. తళతళలాడే కొత్త జింకు రేకు తెచ్చి, కొట్టు పని పక్కన పెట్టి, ఒకేరకం ట్రేలు రెండు చేశాడు. ప్రతి గడి అడుగునా, సీసం దిమ్మ మీద రేకు పెట్టి, ఉలితో చుక్క చుక్కగా కొట్టి, ఆరు రేకల పువ్వు తేల్చాడు. సబ్బు బోర్లిస్తే పువ్వు దాని మీద పడుతుందన్న మాట. తెచ్చి మా మధ్యలో పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎట్టా ఉంది?" నిజంగానే బాగుంది. అమ్మీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు అబద్ధమనేది మా ఇంట్లో ఇంకా లేదు.

మర్నాడు ఆయన కొట్టుకీ, తమ్ముడు బడికీ వెళ్ళాక, అమ్మీ, నేనూ సబ్బు కలిపి ఒక ట్రేలో పోశాం. పోసిన కాసేపటికే సన్నగా బుడగలు. సోడా కదా, పొంగుతుందేమోలే అనుకున్నాం. కొంచెంసేపటికి అంచుల వెంట నల్లగా తిరిగింది, ముక్కు పగిలే వాసన. సాయంత్రానికి మా తెల్లటి సబ్బు కాస్తా తూట్లు తూట్లుగా, బూడిద రంగు ముద్దయి ట్రేకు కరుచుకుపోయింది. అట్లకాడతో పొడిచి పొడిచి తీశాం. లోపల రేకు మెరుపంతా పోయి కుష్టు పట్టినట్టుంది, పువ్వుల చుట్టూ టంకం ఊడొస్తోంది. కాస్టిక్ జింకును తింటుందని మాకేం తెలుసు? అబ్బాకూ తెలియదు. టంకం పెట్టే ఆసిడ్‌లో జింకు ముక్కలేస్తే బుసబుస పొంగుతుందని తెలుసు గానీ, సోడా అంటే బట్టలుతికే సోడా లాంటిదే అనుకున్నాడు. అమ్మీ ఆ ముద్దను కాగితంలో చుట్టి మురుక్కాలవ అవతల పారేయించింది. పాడైన ట్రేను అటక మీద పాత పరుపుల కిందికి తోసింది. "ఇప్పుడే చెప్పొద్దు. రేకు బాగాలేదని బాధపడతారు. వేరే ఏదైనా చూద్దాం" అంది. అబ్బా వచ్చి రెండో ట్రే ఏదని అడిగితే, "రాజ్యలక్ష్మిగారు చూసిస్తానని పట్టుకెళ్ళింది" అని చెప్పింది. ఆయన సంతోషపడ్డాడు. ఆ సంతోషమే మా పీకకు చుట్టుకుంది.

ఇక అచ్చుల వేట మొదలైంది. అరటిచెట్టు దొప్పలు తెచ్చి పోశాం. దొప్ప కుళ్ళి సబ్బు పసుపు పచ్చగా, పిల్లలు చూడకూడని రంగులో వచ్చింది. కొబ్బరి చిప్పల్లో పోస్తే చిప్ప పగలగొడితే గానీ సబ్బు ఊడి రాలేదు, వచ్చినదానికి పీచు. అల్యూమినియం ఇడ్లీ రేకుల్లో పోద్దామని నేనంటే, అమ్మీ "ఒక రేకు చేసిన నిర్వాకం చాలదా?" అని నా నెత్తిన మొట్టింది. పక్కింటి మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన పైపు ముక్కలో పోస్తే గుండ్రంగా బాగానే గట్టిపడింది గానీ, దాన్ని బయటికి తోయడానికి ఇద్దరం గోడకు కాళ్ళు తన్నిపెట్టి పప్పుగుత్తితో పొడవాల్సొచ్చింది. నవ్వి నవ్వి మాకు కడుపునొప్పి వచ్చింది. చివరికి మిఠాయి కొట్టువాళ్ళిచ్చే ప్లాస్టిక్ డబ్బాలో పోశాం. మర్నాడు డబ్బా అంచులు కొంచెం లాగి బోర్లిస్తే, జున్ను గడ్డలా నిగనిగలాడుతూ చేతిలోకి వచ్చేసింది. అచ్చంటే అది. వంగాలి, అంటుకోకూడదు, సోడాకు లొంగకూడదు. ఇప్పుడు ఆయేషా ఇంతింత పెట్టి తెప్పించిన సిలికాన్ చేసేదీ అదే పని.

కానీ ఆ సబ్బు మీద పువ్వు లేదు. అమ్మీ చాలాసేపు దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసింది. తర్వాత బాగున్న ట్రే తీసి, ట్రే గడికి సరిపోయేలా సబ్బు కోసి, లోపల పెట్టి అరచేత్తో నొక్కింది. పువ్వు పడింది. "దేంట్లో పోశామో ఎవరికి తెలుస్తుంది?" అంది నా వైపు చూడకుండా. ప్లాస్టిక్ డబ్బాలు బియ్యం బస్తా వెనకాల దాచే పని నాది.

ఆరిన మొదటి సబ్బుతో అబ్బా స్నానం చేసి వచ్చిన రోజు ఇంకా నా కళ్ళ ముందుంది. బనీను కూడా వేసుకోకుండా, తడి సబ్బు పట్టుకుని వరండాలోకొచ్చి, "పువ్వు అరక్కుండా వెనకవైపే రుద్దుకున్నా" అన్నాడు. ఒక సబ్బు కొట్టుకు పట్టుకెళ్ళి, అద్దాల బీరువాలో గరాటుల పక్కన నిలబెట్టాడు. వచ్చినవాడికల్లా చూపించడమే. ప్లాస్టిక్ వాడు ఇట్లాంటి పువ్వు తేగలడా అని అడగడమే. మేం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. అయినా చెప్పలేదు. చాన్నాళ్ళకు ఆయన తలెత్తుకుని తిరుగుతున్నాడు, ఎలా చెబుతాం? ఇదంతా ఆయన మీద ప్రేమే అనుకున్నాం. ప్రేమ కాదని ఎవరైనా అంటే అప్పుడు కొట్టేదాన్ని. కానీ నిజం చెప్పాలంటే అందులో సగం జాలి. మొగుడి మీద, తండ్రి మీద, ఇంట్లో ఆడవాళ్ళం కూర్చుని జాలిపడ్డాం.

అక్కడితో ఆగినా బాగుండేది. రాజ్యలక్ష్మిగారు ఆ పువ్వు చూసి ముచ్చటపడి, మాకు చెప్పకుండానే కొట్టుకు పోయి, సంఘంలో సబ్బులు చేసే ఆడవాళ్ళందరికీ ఒక్కో ట్రే చేయమని చెప్పింది. అబ్బా ఆ సాయంత్రం సైకిలు వెనక రేకుల చుట్ట కట్టుకుని, గంట కొట్టుకుంటూ వచ్చాడు. పెళ్ళికొడుకు కూడా అంత హుషారుగా రాడు. అమ్మీ చేతిలో చేట అలాగే ఉండిపోయింది. "ఏమండీ..." అని మొదలుపెట్టింది. "ఆఁ?" అని ఆయన తిరిగి చూశాడు. ఆ మొహం చూసి అమ్మీ "చెయ్యి కోసుకునేరు, జాగ్రత్త" అని ఊరుకుంది. వంటింట్లోకి వచ్చి "నువ్వు చెప్పవే" అంది నాతో. నువ్వే చెప్పు అన్నాను. ఇద్దరిలో ఎవరమూ చెప్పలేదు. అందుకు బదులు అమ్మీ ఇంకో పని చేసింది. అబ్బా ట్రేలు ఇచ్చి వచ్చిన ప్రతి ఇంటికీ వెనక వాకిట్లోంచి పోయి, "వదినా, ఇందులో పొయ్యకండి, నల్లబడుద్ది. డబ్బాలో పోసి, పువ్వు మాత్రం దీంతో నొక్కండి. మా ఆయనకు మాత్రం చెప్పకండి, పుణ్యముంటుంది" అని బతిమాలి వచ్చింది. వాళ్ళంతా మంచివాళ్ళు. సరేనన్నారు. దారిలో అబ్బా కనబడితే "మీ అచ్చులు బంగారమండీ సుభానీగారూ" అని కూడా అనేవాళ్ళు. వీధి వీధంతా కలిసి మా నాన్న మీద జాలిపడటం మొదలుపెట్టింది.

రత్నం అనే ఆమెకు మాత్రం చెప్పలేదు. కొత్తగా కాపురం వచ్చిందామె. అమ్మీ వెళ్ళినప్పుడు ఇంటికి తాళం ఉందట, తర్వాత పోదాంలే అనుకుని మర్చిపోయింది. నేను అబ్బాకు అన్నం కేరేజీ పట్టుకెళ్ళిన రోజే ఆమె కొట్టుకొచ్చింది. పక్కన సైకిల్ షాపు కోటేశ్వరరావు, టీ తాగడానికొచ్చిన ఇద్దరు ముగ్గురు బల్ల మీద కూర్చున్నారు. రత్నం సంచీలోంచి ట్రే తీసి బల్ల మీద పెట్టింది. నల్లగా, అడుగున పువ్వులు తినేసి ఉంది. "ఏమండీ సుభానీగారూ, ఇట్టా అయిందేంటండీ? నూనంతా పాడైపోయింది" అంది. అబ్బా దాన్ని తీసుకుని బొటనవేలితో రాశాడు, కణుపుతో కొట్టాడు. "అట్టా కాదే అమ్మా, మా ఇంట్లో దీంట్లోనే గదా పోసేది" అన్నాడు. ఆమె పాపం తెల్లబోయి, "లేదంటండీ. అందరూ ప్లాస్టిక్ డబ్బాల్లోనే పోస్తన్నారంట, ఇది పువ్వు నొక్కడానికేనంట గదా. మీ ఇంటావిడే అందరికీ ఇంటికెళ్ళి చెప్పొచ్చారంట. నాకెవరూ చెప్పలేదు, వచ్చేముందు పక్కింట్లో అడిగితే తెలిసింది" అంది.

అబ్బా నా వైపు చూశాడు. నేను కేరేజీ గిన్నెల క్లిప్పు వైపు చూశాను. అంతే, ఆయనకు వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. నవ్వు మొహం పెట్టి, "అవునమ్మా, పువ్వు కోసమే అది. మీకు చెప్పడం మర్చిపోయుంటుంది మా ఆవిడ. తప్పు మాదే, ఇంకోటి చేసిస్తా" అన్నాడు. కోటేశ్వరరావు ఊరుకోలేదు. "అదేంటి సుభానీ, దీంట్లో పోస్తే పాలకోవాలాగా ఊడొచ్చిద్దని నిన్నటిదాకా చెప్పావు?" అని నవ్వాడు. చెడ్డవాడేం కాదు, రోజూ ఆడుకునే వేళాకోళమే. బల్ల మీద వాళ్ళూ నవ్వారు. అబ్బా కూడా వాళ్ళతోపాటు నవ్వాడు. లేచి, అద్దాల బీరువా తెరిచి, గరాటుల పక్కన నిలబెట్టిన సబ్బు తీసి, రేకు ముక్కల బుట్టలో వేశాడు. "నువ్వింటికి పో తల్లీ, నేను తింటాలే" అన్నాడు నాతో. ఆ ఎండలో వన్‌టౌన్ నుంచి భవానీపురం దాకా బస్సెక్కకుండా నడిచి వచ్చాను. దారిలో ఎవరైనా నా మొహం చూస్తే తెలిసిపోతుందేమోనని కొంగు కప్పుకున్నాను.

సాయంత్రం ఆయన అరుస్తాడనీ, పళ్ళెం విసిరేస్తాడనీ అనుకున్నాం. విసిరేసినా బాగుండేది. కాళ్ళు కడుక్కుని వచ్చి, బాగున్న ట్రే తెమ్మన్నాడు. లోపల మెరుపు వేలితో తడిమి, "ఎన్ని సబ్బులు పోసినా దీని మెరుపు పోలేదేంటని చూస్తానే ఉన్నా. రేకు మంచిది దొరికింది, పని అంత బాగా కుదిరింది అనుకున్నా" అన్నాడు. అమ్మీ గోడకు ఆనుకుని కూర్చుని ఏడుస్తోంది. "నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు. "మొదటి రోజే" అంది. "మరి చెప్పలేదే?" "మీరు బాధపడతారని..." "వీధిలో అందరికీ చెప్పావుగా. నేనొక్కణ్ణే బాధపడేవాణ్ణా?"

కాసేపటికి ఆయనే లేచి వంటింట్లోకి పోయి, పొద్దున పాలు పోసుకున్న ఖాళీ పాకెట్లు తెచ్చాడు. కత్తెరతో చీల్చి, కడిగి, తుడిచి, ట్రే గడుల్లో పరిచి, అంచులు బయటికి మడిచాడు. "ఇత్తడిలో పులుసు పొయ్యకూడదని కళాయి పెట్టి, దాంతోనే బతికినోళ్ళం. లోపల ఏదో ఒకటి అడ్డం ఉండాలి, అంతే గదా. ఒక్క మాట నాకు చెప్పుంటే ఇదెంత పని?" అన్నాడు. అమ్మీ మర్నాడు అందులో సబ్బు పోసింది. ఏ బుడగా రాలేదు, ఏ నలుపూ రాలేదు. కవరు పట్టుకుని లాగితే అన్నీ శుభ్రంగా ఊడి వచ్చాయి, మీద పువ్వు కూడా పడింది, అంచులు కొంచెం మొద్దుబారి. అబ్బా వాటిని చూడటానికి రాలేదు. ట్రేలు తీసుకున్న ప్రతి ఇంటికీ తనే వెళ్ళి, ఇలా కవరు పరుచుకోమని చెప్పొచ్చాడు. ఆ ఇళ్ళ వాకిళ్ళలో ఆయనేం మాట్లాడాడో, వాళ్ళేమన్నారో నాకు తెలియదు. వారం తిరక్కుండా ఒక ఎర్ర ప్లాస్టిక్ బిందె తెచ్చి కుళాయి దగ్గర నా చేతికిచ్చాడు. దాన్ని మోసుకొస్తుంటే నాకు రేకు బకెట్టు చప్పుడే నయమనిపించింది.

తర్వాత కూడా ఆయన గరాటులు చేశాడు, డబ్బాలు చేశాడు. కానీ ఇంటికి తెచ్చి మా మధ్యలో పెట్టి చేతులు కట్టుకుని నిలబడటం మానేశాడు. మేమే పోయి "బాగుందబ్బా" అంటే, చేస్తున్న పని ఆపి మా మొహంలోకి చూసి, "నిజంగానా, పువ్వు నొక్కుతున్నారా?" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. అది మా ఇంట్లో మాటయిపోయింది. కూరలో ఉప్పెక్కువై అందరూ గుటకలు మింగుతూ బాగుందంటే, పువ్వు నొక్కకండి అనేవాడు. తమ్ముడు మార్కులు పెంచి చెబితే, పువ్వెక్కడ నొక్కావురా అనేవాడు. తర్వాత మా పిల్లలు కూడా ఆ మాట నేర్చుకున్నారు, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకుండానే. అమ్మీ మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు లేచి అవతలికి పోయేది.

ఇదంతా ఆయేషాకు చెప్పాను. చివర్లో అది తను చేసిన సబ్బొకటి తీసి "మరి ఇది ఎట్టా ఉంది ఫుప్పూ?" అంది. చుట్టూ తెల్లటి పొడి, చేత్తో పట్టుకుంటే చుర్రుమంటోంది. "సోడా ఎక్కువైంది, ఇది ఎవరికీ అమ్మొద్దు" అన్నాను. దాని మొహం మాడిపోయింది. అయిదు నిమిషాలు మూతి ముడుచుకుని, తర్వాత ఫోన్లో కొలతలు తీసి చూపించింది, ఇద్దరం కలిసి లెక్క సరిచేశాం. వాళ్ళ కాలంలో మాట ముక్కుసూటిగా అంటే అయిదు నిమిషాల మూతిముడుపుతో అయిపోతుంది. మా కాలంలో మేం మంచితనమనుకుని దాచేవాళ్ళం, దాచినవాటిని ముసలితనం దాకా మోసేవాళ్ళం. ఏది మేలో నన్నడిగితే, ఆ చుర్రుమనే సబ్బే మేలంటాను. ట్రే ఇవ్వమని అడిగింది. ఇచ్చాను, కవరు పరిచి పోస్తానంటేనే.

దానికి చెప్పనిది ఒకటుంది. అబ్బా చివరి రోజుల్లో ఆస్పత్రిలో ఉన్నాడు. అప్పటికి ఊరంతా సెల్‌ఫోన్లొచ్చేశాయి, కొట్టు మూతపడి చాలాకాలమైంది. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇక ఇంటికి తీసుకుపోండమ్మా అన్నాడు. మొహం కడుక్కుని లోపలికి వచ్చాను. ఆయన మంచం ఊచను వేలి కణుపుతో కొట్టి వింటున్నాడు. ఆ వేలిలో చప్పుడు తెప్పించేంత బలం కూడా లేదు. "ఏమన్నాడు డాక్టరు?" అని అడిగాడు. "బాగా తగ్గిందంట అబ్బా, రేపు ఇంటికి పోవచ్చన్నాడు" అన్నాను. ఆయన నా మొహంలోకి అలాగే చూశాడు, కొట్లో రత్నం మాట్లాడినప్పుడు చూసినట్టే. "పువ్వు నొక్కుతున్నావా తల్లీ?" అన్నాడు.

"లేదబ్బా, నిజం" అన్నాను. ఆయన నా చెయ్యి తట్టి, "బాగుంది" అన్నాడు.